మైండ్ మ్యాప్ సాఫ్ట్‌వేర్: తెలుగులో నోట్స్ రాసుకునేవాళ్లు ఏం చూసి ఎంచుకోవాలి?

క్లుప్తంగా

మైండ్ మ్యాప్ గీసే సాఫ్ట్‌వేర్లన్నీ పైకి ఒకేలా కనిపిస్తాయి. వాడుతూ పోతే తేడా మూడు చోట్ల బయటపడుతుంది: ఒకే అంశాన్ని రెండు మూడు కొమ్మలతో కలపగలమా, తెలుగులో రాసింది కొన్ని నెలల తర్వాత వెతికితే దొరుకుతుందా, రాసుకున్నదాన్ని ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకెళ్లగలమా. రంగులు, టెంప్లేట్లు, ఏఐ సదుపాయాలు వీటి తర్వాతే. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు ఉచితంగా దొరికే ఫ్రీప్లేన్ గట్టి ఎంపిక. ఫోన్ ఒక్కటే ఉన్నవాళ్లకు ఎక్స్‌మైండ్, సింపుల్‌మైండ్ లాంటివి సరిపోతాయి. ఏది తీసుకున్నా ముందు సొంత తెలుగు నోట్స్‌తో ఒక చిన్న పరీక్ష పెట్టి చూడాలి.

గందరగోళం ఎక్కడ మొదలవుతోంది

నల్లగొండ, మహబూబ్‌నగర్ స్టడీ హాళ్లలో కూర్చుని గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదివేవాళ్ల దగ్గర మెటీరియల్‌కు కొరత లేదు. పుస్తకాల పీడీఎఫ్‌లు, యూట్యూబ్ క్లాసుల నోట్స్, వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే కరెంట్ అఫైర్స్ ఫొటోలు, చేత్తో రాసుకున్న నోట్‌బుక్కులు అన్నీ ఉంటాయి. ఒకే అంశం నాలుగు చోట్ల ముక్కలుగా పడి ఉండటమే సమస్య. పాఠం ప్లాన్ చేసుకునే టీచర్లకు, యూనివర్సిటీలో ప్రాజెక్ట్ రిపోర్ట్ రాసే పీజీ విద్యార్థులకు, మండలం వార్తలు రాసే విలేకరులకు కూడా ఇదే ఇబ్బంది. ముక్కలను ఒక చోటికి చేర్చే దారిగా చాలామంది మైండ్ మ్యాప్ వైపు చూస్తున్నారు. ప్లే స్టోర్ తెరిచి చూస్తే ఆ పేరుతో యాప్‌లు వరుసగా కనపడతాయి. దాదాపు ప్రతిదాని మీదా ఉచితం అనే ఉంటుంది.

మధ్యలో ముఖ్య విషయం, చుట్టూ కొమ్మలు, కొమ్మకో రంగు అనే పద్ధతికి పేరు తెచ్చినవాడు బ్రిటన్‌కు చెందిన టోనీ బుజాన్. 1974లో బీబీసీ టీవీ కార్యక్రమంతో అది జనంలోకి వెళ్లింది. ఇంచుమించు ఆ కాలంలోనే అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో జోసెఫ్ నోవాక్ బృందం కాన్సెప్ట్ మ్యాప్ అనే వేరే పద్ధతిని తయారుచేసింది. పిల్లలకు సైన్స్ ఎంతవరకు అర్థమవుతోందో తెలుసుకోవడం వాళ్ల ఉద్దేశం. రెండూ చూడటానికి దగ్గరగా ఉన్నా లోపలి నిర్మాణం వేరు. యాప్‌ల ప్రకటనలు రెండింటినీ ఒకటే పేరుతో అమ్ముతున్నాయి. సగం గందరగోళం ఇక్కడే పుడుతోంది.

మిగతా సగం కొత్తది. 2025 మార్చిలో గూగుల్ తన ఏఐ నోట్స్ సర్వీస్ నోట్‌బుక్ ఎల్‌ఎమ్‌లో మైండ్ మ్యాప్ సదుపాయం తెచ్చింది. పీడీఎఫ్‌లు అప్‌లోడ్ చేస్తే మ్యాప్ దానంతట అదే తయారవుతుంది. అలాంటప్పుడు సాఫ్ట్‌వేర్ నేర్చుకుని సొంతంగా గీయడం దేనికి అనే ప్రశ్న సహజంగానే వస్తోంది. దానికి జవాబు జ్ఞాపకం ఎలా పనిచేస్తుందనే విషయంలో ఉంది కాబట్టి, కాస్త ముందుకు వెళ్లాక చూద్దాం.

చెట్టు ఎక్కడ ఆగిపోతుంది

మైండ్ మ్యాప్ చెట్టు లాంటిది, అందులో ప్రతి అంశానికీ పైన ఒకే ఒక్క అంశం ఉంటుంది. సాగర్ ఎడమ కాల్వ నుంచి మేజర్లు, మేజర్ల నుంచి మైనర్లు, మైనర్ల నుంచి పొలాలకు పిల్ల కాల్వలు వెళ్లినట్టు సమాచారం పై నుంచి కిందికి విడిపోతుంది. రాజ్యాంగంలో భాగాలు, ఒక శాఖ కింద పథకాలు, ఒక పాఠంలో ఉపశీర్షికలు ఈ అమరికలో చక్కగా ఒదుగుతాయి. కానీ సమాచారమంతా ఇలా విడిపోదు.

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాను తీసుకుంటే సంగతి తెలిసిపోతుంది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. 2019లో నారాయణపేట కూడా జిల్లా అయింది. షాద్‌నగర్ వైపు మండలాలు రంగారెడ్డిలోకి, కొడంగల్ వైపు మండలాలు వికారాబాద్‌లోకి వెళ్లాయి. ఇప్పుడు జిల్లాల మ్యాప్‌లో కొడంగల్‌ను ఏ కొమ్మకు తగిలించాలి? పాలన ప్రకారం వికారాబాద్ కిందికి వస్తుంది. పాలమూరు చరిత్ర చదివేవాళ్లకు అది ఉమ్మడి మహబూబ్‌నగర్ కిందే కావాలి. నారాయణపేట-కొడంగల్ ఎత్తిపోతల గురించి రాసుకునేటప్పుడు సాగునీటి కొమ్మ కింద కూడా అవసరమవుతుంది. కాపీ చేసి మూడు చోట్ల పెట్టుకుంటే, రేపు ఒక చోట దిద్దినది మిగతా రెండు చోట్ల పాతదిగానే మిగిలిపోతుంది. పరీక్షకు ముందు రోజు ఏది సరైనదో తెలియక టెన్షన్ పడాల్సి వస్తుంది.

ఈ ఇబ్బందికి సాఫ్ట్‌వేర్లు రెండు రకాలుగా దారి చూపిస్తాయి. ఎక్కువ యాప్‌లలో రెండు అంశాల మధ్య అడ్డంగా ఒక బాణం గీసే వీలుంటుంది. ఎక్స్‌మైండ్‌లో దీన్ని రిలేషన్‌షిప్ అంటారు, ఫ్రీప్లేన్‌లో కనెక్టర్ అంటారు. బాణాలు నాలుగైదు ఉన్నంతవరకు బాగానే ఉంటుంది. ఇరవై దాటాయంటే కళ్లు తిరుగుతాయి. రెండోది క్లోన్. ఫ్రీప్లేన్‌లో ఒక అంశాన్ని క్లోన్‌గా ఇంకో కొమ్మ కింద పెడితే, ఎక్కడ దిద్దినా రెండు చోట్లా మారుతుంది. కొడంగల్ లాంటి అంశాలకు సరిగ్గా కావాల్సింది ఇదే. ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇంత పనికొచ్చే సదుపాయం ఉందని చాలామందికి తెలియదు.

ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లతో వచ్చే ఫ్లోరోసిస్ లాంటి అంశానికి మాత్రం క్లోన్ కూడా చాలదు. గ్రానైట్ శిలల్లోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ భూగర్భజలంలోకి చేరుతుంది. సాగునీరు లేక బోర్లు లోతుకు పోయే కొద్దీ జనం ఆ నీటి మీదే ఆధారపడాల్సి వస్తుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలన్నది భారత ప్రమాణం. వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు అనుమతిస్తారు. అది దాటి ఏళ్ల తరబడి తాగితే పళ్లు, ఎముకలు దెబ్బతింటాయి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానాన్ని నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) అభివృద్ధి చేసింది. దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరే స్థిరపడింది. తర్వాత కృష్ణా జలాలు, మిషన్ భగీరథ వచ్చాయి. భూగర్భశాస్త్రం, సాగునీరు, ఆరోగ్యం, ప్రభుత్వ పథకాలు నాలుగూ ఇందులో ఒకదాన్నొకటి లాగుతుంటాయి. ఇక్కడ గీత మీద రాసే మాటే అసలు సమాచారం. బోర్ల లోతుకూ ఫ్లోరైడ్‌కూ మధ్య ‘పెంచుతుంది’ అని రాయాలి, కృష్ణా జలాలకూ బోరు నీటి వాడకానికీ మధ్య ‘తగ్గిస్తుంది’ అని రాయాలి.

ఇలాంటి అంశాలకు గీతల మీద సంబంధం రాసే నోవాక్ కాన్సెప్ట్ మ్యాపే తగినది. అమెరికాలోని ఐహెచ్ఎంసీ సంస్థ ఉచితంగా ఇచ్చే సీమ్యాప్ టూల్స్ ఆ పని కోసమే తయారైంది. బొమ్మలు, పెట్టెలు గీసే డ్రా డాట్ ఐఓలో, నోట్స్ యాప్ అబ్సిడియన్‌లోని కాన్వాస్‌లో కూడా ఏ పెట్టెనైనా ఏ పెట్టెకైనా కలిపి గీత మీద రాసుకోవచ్చు. కాకపోతే వీటిలో పెట్టెలను చేత్తో సర్దుకోవాలి. చెట్టు రకం సాఫ్ట్‌వేర్‌లో ట్యాబ్ నొక్కితే కింది అంశం, ఎంటర్ నొక్కితే పక్క అంశం వచ్చేస్తాయి, అమరిక దానంతట అదే సర్దుకుంటుంది. క్లాసు వింటూ వేగంగా రాసుకోవడానికి చెట్టు, కారణాలు అర్థం చేసుకోవడానికి వల లాంటి కాన్సెప్ట్ మ్యాప్. ఏ పని ఎక్కువో తేల్చుకున్నాకే యాప్ గురించి ఆలోచించడం మంచిది.

తెలుగు అక్షరం పెట్టే పరీక్ష

యాప్‌ల రేటింగులు, పోలికల పట్టికలు దాదాపు అన్నీ ఇంగ్లీషు వాడకాన్ని బట్టి రాసినవే. తెలుగులో రాసుకునేవాళ్లకు ఎదురయ్యే చిక్కులు వాటిలో కనిపించవు. ఇవి ఒక్కోసారి నెలల కష్టాన్ని పనికిరాకుండా చేస్తాయి కాబట్టి వివరంగా చూడటం అవసరం.

మొదటిది అక్షరం కనపడే తీరు. తెలుగులో గుణింతాలు పైకి, ఒత్తులు కిందికి పోతాయి. ఇంగ్లీషు కొలతకు చేసిన పెట్టెలో ఒత్తుల కింది భాగం తెగిపోవచ్చు. అక్షరాలను కలిపి చూపించే సరైన లిపి ఇంజిన్‌ను యాప్ వాడకపోతే ఒత్తు విడిపోయి పొల్లుగా పక్కన పడుతుంది. ఆండ్రాయిడ్, క్రోమ్‌లలో ఉండే హార్ఫ్‌బజ్ ఇంజిన్ 2017లో వచ్చిన జావా 9 నుంచి జావాలోకి కూడా వచ్చింది. అందుకే జావా మీద నడిచే ఫ్రీప్లేన్ పాత వెర్షన్‌కూ కొత్త వెర్షన్‌కూ తెలుగు విషయంలో తేడా ఉండవచ్చు. కొత్తదే వేసుకుని, విండోస్‌లో నిర్మలా యూఐ లేదా గౌతమి ఫాంట్ ఎంచుకుంటే సరిపోతుంది. శ్రీశైలం, రాష్ట్రం, ఫ్లోరైడ్, కృష్ణా అని నాలుగు మాటలు టైప్ చేసి, జూమ్ చేసి చూస్తే యాప్ సత్తా తెలుస్తుంది.

రెండోది పాత మెటీరియల్. డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి అను ఫాంట్లతో టైప్ చేసిన నోట్స్ ఇప్పటికీ తిరుగుతున్నాయి. వాటిలో తెలుగు అక్షరాలు అన్ని భాషలకూ వాడే ప్రామాణిక కోడ్ అయిన యూనికోడ్‌లో ఉండవు. ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల కోడ్‌ల మీద తెలుగు బొమ్మలు అతికించి ఉంటాయి. అలాంటి ఫైల్ నుంచి కాపీ చేసి మ్యాప్‌లో పేస్ట్ చేస్తే అర్థం లేని గుర్తుల వరుస వస్తుంది. తప్పు మైండ్ మ్యాప్ యాప్‌ది కాదు. ముందుగా కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒకసారి చదివి దిద్దుకున్నాకే మ్యాప్‌లోకి తేవాలి.

మూడోది వెతుకులాట. అన్నిటికంటే ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. మ్యాప్‌లో 300 అంశాలు చేరాక కంటితో వెతకడం కుదరదు, సెర్చ్ మీదే ఆధారపడాలి. సెర్చ్ మాత్రం అక్షరానికి అక్షరం పోల్చి చూస్తుంది. ఒక చోట నల్గొండ అని, ఇంకో చోట నల్లగొండ అని రాస్తే ఒకటి వెతికినప్పుడు రెండోది రాదు. కాలువ అని వెతికితే కాల్వ దొరకదు. నీరు అని వెతికితే ‘తాగునీటి సమస్య’ కనిపించదు, ఎందుకంటే విభక్తి చేరగానే నీరు నీటిగా మారిపోయింది. ఊరు వెతికితే ఊళ్లు రావు, ఇల్లు వెతికితే ‘ఇంటి పన్ను’ రాదు.

మహబూబ్‌నగర్ అనే పేరు ఇంకా చిక్కు. ‘బ్’ కింద ‘న’ ఒత్తుగా పడకుండా ఉండటానికి రెండు అక్షరాల మధ్య కంటికి కనపడని గుర్తు ఒకటి టైప్ చేయాలి. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతట అవే పెడతాయి, కొన్ని పెట్టవు. కొందరు మధ్యలో ఖాళీ వదిలి రెండు మాటలుగా రాస్తారు. పైగా పాలమూరు అని రాసేవాళ్లు ఎలాగూ ఉంటారు. మనిషికి ఇవన్నీ ఒకే ఊరు, కంప్యూటర్‌కు మాత్రం వేర్వేరు మాటలు. నాగర్‌కర్నూల్, షాద్‌నగర్ పేర్లదీ ఇదే కథ.

అందుకే తెలుగులో రాసుకునేవాళ్లకు ట్యాగ్ లేదా లేబుల్ పెట్టే సదుపాయం అలంకారం కాదు, అవసరం. అంశం పేరు ఎలా రాసినా, దానికి తగిలించే ట్యాగ్ మాత్రం ఎప్పుడూ ఒకే స్పెల్లింగ్‌లో ఉండాలి. ‘నీరు’, ‘పాలమూరు’, ‘నల్లగొండ’ అని ఒక చిన్న జాబితా పెట్టుకుని, దాన్ని దాటకుండా వాడితే వెతికినవి దొరుకుతాయి. ట్యాగులు లేని యాప్ అయితే ఆ మాటను అంశం చివర రాసుకున్నా పని జరుగుతుంది.

ఫైల్ ఎవరి చేతిలో ఉంటుంది

మైండ్‌మీస్టర్, కాగుల్ లాంటివి బ్రౌజర్‌లో నడుస్తాయి, మ్యాప్ ఆ సంస్థ సర్వర్‌లో ఉంటుంది. ఎక్కడి నుంచైనా తెరవవచ్చు, నలుగురు ఒకేసారి దిద్దవచ్చు. ఉచిత ఖాతాలో కొద్ది మ్యాప్‌లకే, లేదా కొద్ది ప్రైవేట్ మ్యాప్‌లకే వీలుంటుంది, ఆ తర్వాత నెలకో ఏడాదికో చందా కట్టాలి. ఫ్రీప్లేన్‌లో ఫైల్ మన కంప్యూటర్‌లోనే ఉంటుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు. నల్లమల అంచున అమ్రాబాద్, మన్ననూర్ వైపు సిగ్నల్ నిలకడగా ఉండదు. అలాంటి చోట్ల ఈ తేడా చాలా పెద్దది.

చందా ఆగినప్పుడో, సంస్థ మూతపడినప్పుడో సమాచారం ఏమవుతుందన్నది ముందే చూసుకోవాలి. మంచి ఉదాహరణ ఫ్రీమైండ్. ఒకప్పుడు అందరూ వాడిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కొత్త మార్పులు చాలా కాలంగా దాదాపు ఆగిపోయాయి. అయినా అందులో చేసిన మ్యాప్‌లు పోలేదు. దాని ఫైల్ మామూలు ఎక్స్‌ఎంఎల్ టెక్స్ట్ కావడంతో, అందులోంచే పుట్టిన ఫ్రీప్లేన్ వాటిని నేరుగా తెరుస్తుంది, ఎక్స్‌మైండ్ దిగుమతి చేసుకుంటుంది. ఎక్స్‌మైండ్ ఫైల్ కూడా నిజానికి జిప్ ఫైలే. పేరు చివర జిప్ అని మార్చి తెరిస్తే లోపల సమాచారం టెక్స్ట్‌గా కనిపిస్తుంది.

చాలామంది పీడీఎఫ్ తీసి పెట్టుకుంటే చాలనుకుంటారు. ఇంగ్లీషుకు అది కొంతవరకు నిజం. పీడీఎఫ్‌లో భద్రంగా ఉండేది అక్షరాల ఆకారం. ఒత్తులు, గుణింతాలు కలిసిన తెలుగును అందులోంచి కాపీ చేస్తే అక్షరాల క్రమం తరచుగా చెదిరిపోతుంది. బొమ్మగా తీసిన పీఎన్‌జీలోనైతే అసలు టెక్స్టే ఉండదు. కాబట్టి మార్క్‌డౌన్ (చిన్న గుర్తులతో రాసే టెక్స్ట్), ఓపీఎంఎల్ (మెట్ల అమరికను దాచే ఫైల్ రకం), లేదా మెట్లు మెట్లుగా జరిపి రాసిన మామూలు టెక్స్ట్, ఈ మూడింటిలో ఒకటైనా బయటికి ఇచ్చే సాఫ్ట్‌వేర్‌నే ఎంచుకోవాలి. ఫ్రీప్లేన్‌లో ఒక కొమ్మను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే మెట్ల అమరికతో సహా వస్తుంది. అలాంటి టెక్స్ట్‌ను తిరిగి పేస్ట్ చేస్తే కొమ్మలు మళ్లీ తయారవుతాయి. అడ్డగీతలు, రంగులు, ఐకాన్లు మాత్రం ఈ ప్రయాణంలో చాలావరకు పోతాయి. ఏదైనా ముఖ్యమైన సమాచారం రంగులోనే దాచుకుంటే అదీ పోతుంది.

ఫోన్ తెర, జిరాక్స్ కాగితం

ఫోన్‌లో ఒకేసారి చదవగలిగేది పదిహేను, ఇరవై అంశాలే. పెద్ద మ్యాప్‌ను అటూ ఇటూ జరుపుతూ చదివితే మొత్తం ఒక చూపులో కనపడటమనే అసలు లాభమే ఉండదు. ఫోన్ మీదే చదివేవాళ్లు అధ్యాయానికో చిన్న మ్యాప్ పెట్టుకుని, వాటిని లింకులతో కలుపుకోవడం మేలు. వాట్సాప్‌లో మ్యాప్‌ను ఫొటోగా పంపితే సైజు తగ్గి చిన్న అక్షరాలు మసకబారతాయి, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది.

చివరికి చాలామంది జిరాక్స్ సెంటర్‌లో ప్రింట్ తీసుకుంటారు. బ్లాక్ అండ్ వైట్‌లో ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఒకే బూడిద రంగులోకి మారతాయి. ఏ4 కాగితం మీద వంద అంశాల మ్యాప్ ఇరికిస్తే తెలుగు అక్షరాలు చుక్కలవుతాయి. రంగుతో పాటు ప్రతి కొమ్మకూ ఒక నంబరు వేసుకోవడం, కొమ్మల వారీగా విడివిడిగా ప్రింట్ తీసుకోవడం పనికొస్తాయి. అందుకే ఒక్క కొమ్మను మాత్రమే బయటికి తీసే వీలుందా అన్నది కూడా చూడాల్సిన విషయమే.

మ్యాప్ గీస్తే గుర్తుంటుందా

2011లో సైన్స్ పత్రికలో అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీకి చెందిన జెఫ్రీ కార్పిక్, జానెల్ బ్లంట్‌ల పరిశోధన వచ్చింది. కొందరు విద్యార్థులు పాఠం ఎదురుగా పెట్టుకుని కాన్సెప్ట్ మ్యాప్ గీశారు. ఇంకొందరు పాఠం మూసేసి గుర్తున్నది రాశారు. వారం తర్వాత పరీక్ష పెడితే రెండోవాళ్లకే ఎక్కువ గుర్తుంది. చివరి పరీక్షగా మ్యాప్ గీయమన్నా ఫలితం మారలేదు. 2014లో అదే పరిశోధకులు పుస్తకం మూసి మ్యాప్ గీయించి చూశారు. అప్పుడు మ్యాప్ కూడా రాతతో సమానంగా పనిచేసింది. మేలు చేసేది జ్ఞాపకంలోంచి బయటికి లాగడమేనని, ఆకారం ఏదైనా ఫరవాలేదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

సాఫ్ట్‌వేర్ ఎంపికకు ఇది నేరుగా పనికొస్తుంది. కొమ్మలను మడిచి పెట్టే సదుపాయం సులువుగా ఉండాలి. ‘కృష్ణా ఉపనదులు’ అనే అంశాన్ని మడిచి, లోపల ఏమున్నాయో మనసులో చెప్పుకుని, తర్వాత విప్పి చూసుకోవాలి. మూసీ వాడపల్లి దగ్గర కలుస్తుందని గుర్తొచ్చిందా, దిండి మర్చిపోయామా అన్నది అక్కడే తేలిపోతుంది. ఏఐ తయారుచేసిన మ్యాప్ ఈ శ్రమను తప్పిస్తుంది. పరీక్షకు చదివేవాళ్లకు నష్టం కూడా అదే. వంద పేజీల పీడీఎఫ్‌లో ఏముందో ముందుగా ఒక అంచనాకు రావడానికి, సొంత మ్యాప్‌లో ఏది వదిలేశామో సరిచూసుకోవడానికి ఏఐ మ్యాప్ బాగా ఉపయోగపడుతుంది. దానిలోని పేర్లు, సంవత్సరాలు మాత్రం మూల పుస్తకంతో సరిపోల్చుకోక తప్పదు.

ఎవరికి ఏది

ల్యాప్‌టాప్ మీద దీర్ఘకాలం చదివే గ్రూప్స్ అభ్యర్థులకు, పరిశోధన విద్యార్థులకు ఫ్రీప్లేన్ అన్నివిధాలా తగినది. చూడటానికి పాతకాలంగా ఉంటుంది, మెనూలు ఎక్కువ, అలవాటు పడటానికి వారం పదిరోజులు పడుతుంది. దీనికి ఆండ్రాయిడ్ యాప్ లేదు. క్లాసులో చూపించడానికి అందమైన మ్యాప్ కావాల్సిన టీచర్లకు ఎక్స్‌మైండ్ అనుకూలం. ఫోన్‌లో, కంప్యూటర్‌లో రెండింటిలోనూ పనిచేస్తుంది, అయితే ఉచిత వెర్షన్‌లో ఎక్స్‌పోర్ట్‌కు పరిమితులు ఉంటాయి. చందా ఇష్టం లేక ఒకసారి కొని వాడుకుందామనుకునేవాళ్లకు సింపుల్‌మైండ్ ఉంది. 1994 నుంచి ఉన్న మైండ్‌మేనేజర్ పెద్ద కంపెనీల అవసరాలకు తగినది. విద్యార్థులకు దాని ధర భారం, వాళ్లకు అవసరమైనవన్నీ ఉచిత సాఫ్ట్‌వేర్లలో దొరుకుతాయి.

నలుగురు కలిసి పనిచేసే చోట లెక్క మారుతుంది. గద్వాల, నారాయణపేట చేనేత సంఘం ఆర్డర్లు, డిజైన్లు, నూలు సరఫరా ఒక మ్యాప్‌లో పెట్టుకోవాలన్నా, రైతు ఉత్పత్తిదారుల సంఘం పంటల ప్రణాళిక వేసుకోవాలన్నా ఒకేసారి దిద్దే వీలున్న ఆన్‌లైన్ సాఫ్ట్‌వేరే నయం. అక్కడ చూసుకోవాల్సింది గోప్యత. కాగుల్ లాంటి కొన్ని సర్వీసుల ఉచిత ప్లాన్‌లో ప్రైవేట్ మ్యాప్‌ల సంఖ్యకు పరిమితి ఉంటుంది, అది దాటితే కొత్తవి పబ్లిక్‌గానే తయారవుతాయి. సభ్యుల ఫోన్ నంబర్లు, ఆధార్, బ్యాంకు వివరాలు అలాంటి మ్యాప్‌లో ఎక్కించకూడదు. లింక్ ఎవరి దగ్గరుంటే వాళ్లంతా చూడగలరా, ఆహ్వానించినవాళ్లే చూడగలరా అన్నది షేర్ సెట్టింగ్‌లో తేల్చుకున్నాకే మొదటి అంశం రాయాలి.